గండం గడిచింది కదా అంటున్నారు అందరూ, నాకు మాత్రం గడవట్లేదు

మిషిగన్ నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, గుర్తుపట్టే వివరాలు తీసేసి ముఖ్యమైనవి మాత్రం చెప్తాను. సొంతూరు తెనాలి వైపు, డెట్రాయిట్ పక్కన ఒక ఊళ్లో ఇరవై ఏళ్లకి పైగా ఉంటున్నారు, ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. పాప, బాబు, ఇద్దరూ అక్కడే పుట్టారు. 2023 ఫిబ్రవరి 13 రాత్రి ఈస్ట్ లాన్సింగ్‌లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో కాల్పులు జరిగి ముగ్గురు పిల్లలు పోయినప్పుడు పాప అక్కడ సెకండ్ ఇయర్, డార్మ్‌లో, అంటే యూనివర్సిటీ హాస్టల్లో ఉంది. ఎనిమిదిన్నర దాటాక "పరిగెత్తండి, దాక్కోండి, తప్పకపోతే పోరాడండి" అని యూనివర్సిటీ అలర్ట్ వచ్చింది, పాప, రూమ్మేట్ కలిసి తలుపుకి డెస్క్ అడ్డం పెట్టి లైట్లు ఆపేసి కింద కూర్చున్నారు. తల్లికి ఒక్క మెసేజ్ పెట్టింది, "ఫోన్ చెయ్యకు అమ్మా, సౌండ్ వస్తుంది" అని. దాదాపు నాలుగు గంటలు ఈవిడ చేతిలో ఫోన్ పట్టుకుని, చెయ్యలేక, పోలీసుల రేడియో మాటలు వినిపించే స్కానర్ లైవ్ వింటూ కూర్చున్నారు, అందులో కాల్చేవాళ్లు ఇద్దరు ఉన్నారు ముగ్గురు ఉన్నారు అని ఒకటే పుకార్లు. ఆయన మాట్లాడకుండా కారు తీసుకుని వెళ్లిపోయారు, క్యాంపస్‌కి రానివ్వలేదు, గ్యాస్ స్టేషన్ పార్కింగ్‌లో ఉండి తెల్లవారుజామున పాపని తీసుకొచ్చారు.

పాప క్షేమం. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం చేస్తోంది. కానీ జూలై 4 టపాకాయలకి బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుంటుంది, రెస్టారెంట్‌లో ద్వారం కనిపించే కుర్చీ అయితేనే కూర్చుంటుంది, కౌన్సెలింగ్‌కి కొన్నాళ్లు వెళ్లి మానేసింది. ఇప్పుడేమో తుపాకి చట్టాల మీద రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో, చట్టసభవాళ్లు జనం మాట వినే హియరింగ్‌లో మాట్లాడతానంటోంది, తండ్రి వద్దంటున్నారు, మా ఇద్దరి సిటిజన్‌షిప్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది, మనకెందుకీ గొడవ అని. బాబుకి పదిహేడేళ్లు, పన్నెండో క్లాసు. అక్క చదివిన యూనివర్సిటీలోనే ఇంజనీరింగ్ వచ్చింది, ఇంటికి దగ్గర్లో ఇంకో యూనివర్సిటీలో కూడా వచ్చింది, టెక్సాస్‌లో మేనమామ ఉన్నాడని అక్కడా ఒక సీటు వచ్చింది. మే 1 లోపు ఒకదానికి డిపాజిట్ కట్టాలి. 2025 డిసెంబర్‌లో బ్రౌన్ యూనివర్సిటీలో పరీక్షలకి చదువుకుంటున్న పిల్లల మీద కాల్పులు జరిగి ఇద్దరు పోయిన దగ్గర్నుంచి ఈవిడకి మళ్లీ నిద్ర లేదు. బాబుని ఇంటి దగ్గరే చదివించాలని పట్టు పట్టారు, వాడు అన్నం మానేశాడు. ఆయన "లక్షల మంది చదువుతున్నారు, లెక్క చూస్తే కారు యాక్సిడెంట్‌కే ఎక్కువ భయపడాలి" అంటారు, అదే నోటితో ఇంట్లోకి ఒక తుపాకి కొందామంటున్నారు. అత్తగారు ఊళ్లో మృత్యుంజయ హోమం చేయించి "గండం గడిచింది కదమ్మా, ఇంకెందుకు ఏడుపు" అంటారు. గుడిలో కనిపించినవాళ్లూ అదే మాట. ఈవిడ అడిగేది ఇది: "పిల్లాణ్ణి ఆపడం తప్పా? ముగ్గురు తల్లులు పిల్లల్ని పోగొట్టుకున్నారు, నా పిల్ల బతికింది, మూడేళ్లయినా నేనింకా ఏడుస్తున్నానంటే నాకేమన్నా పిచ్చా?"

చూడండమ్మా, మీరు చివర్లో అడిగినదానికే ముందు చెప్తాను, ఎందుకంటే బాబు సీటు సంగతి, తుపాకి సంగతి, హియరింగ్ సంగతి అన్నీ దాంట్లోంచే వస్తున్నాయని నాకనిపిస్తోంది. పిచ్చి కాదు. ఆ ముగ్గురు తల్లుల దుఃఖంతో పోలిస్తే మీది చిన్నదే, అది మీకూ తెలుసు కాబట్టే మూడేళ్లుగా నోరు నొక్కుకున్నారు. కానీ ఆ నాలుగు గంటలూ మీ పిల్ల ఉందో లేదో తెలీకుండా బతికారు కదా, పొద్దున పాప ఇంటికొచ్చినంత మాత్రాన ఆ గంటలు జరగకుండా పోవు. ప్రాణం మీదికొచ్చిన ఘటన తర్వాత మనసుని వదలని జబ్బుని పీటీఎస్‌డీ అంటారు, డాక్టర్లు దాన్ని నిర్ధారించడానికి వాడే పుస్తకంలో కూడా, స్వయంగా ఆ చోట ఉన్నవాళ్లనే కాదు, సొంతవాళ్లకి అలాంటి ప్రాణాపాయం వచ్చిందని తెలుసుకున్నవాళ్లని కూడా లెక్కలోకి తీసుకుంటారు. మీకు అదే ఉందని నేను అనట్లేదు, ఉత్తరం చదివి రోగం పేరు చెప్పేంత దాన్ని కాదు, కానీ నిద్ర పట్టకపోవడం, సైరన్ వినిపిస్తే కడుపులో తిప్పడం, పిల్లల లొకేషన్ యాప్ అర్ధరాత్రి లేచి లేచి చూడటం, ఇవన్నీ మీరే రాశారు, డాక్టర్‌కి చెప్పాల్సిన విషయాలే ఇవి. మీ ఆయన కంపెనీలో ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రాం అని ఉంటుంది, చాలా కంపెనీల్లో కొన్ని సెషన్లు ఫ్రీ, కుటుంబానికి కూడా వర్తిస్తుంది, కంపెనీకి పేర్లు చెప్పరు. తెలుగులో మాట్లాడే థెరపిస్టులు వీడియో కాల్‌లో దొరుకుతున్నారు, కాకపోతే మిషిగన్ లైసెన్స్ ఉందా, ఇన్సూరెన్స్ తీసుకుంటారా అని ముందే అడగండి. కౌన్సెలింగ్‌కి వెళ్తే సిటిజన్‌షిప్ పోతుందని మనవాళ్లలో ఒక భయం ఉంది, దాన్ని మనసులోంచి తీసేయండి.

పాపకి కూడా ఇదే. మానేసిందంటే పనిచెయ్యలేదని కాదు, అందరితో చేసే మామూలు కౌన్సెలింగ్ వేరు, ఇలాంటి దెబ్బ కోసమే ఉన్న పద్ధతులు వేరు, ట్రామా మీద శిక్షణ ఉన్నవాళ్లని వెతకమని చెప్పండి. చెప్పి వదిలెయ్యండి, వెంటపడకండి. ఇరవై రెండేళ్ల పిల్ల, మీరు తోసేకొద్దీ వెళ్లదు.

ఇప్పుడు మీ ఆయన. ఆయన లెక్క తప్పు కాదమ్మా. అమెరికాలో కాలేజీల్లో చదివేవాళ్లు కోటీ ఎనభై లక్షల పైమాటే, క్యాంపస్‌లో కాల్పుల్లో పోయేవాళ్లు వాళ్లలో చాలా చాలా తక్కువ. మీ పాప యూనివర్సిటీలోనే యాభై వేల మంది ఉన్నారు. కానీ నాకొక్కటి అర్థం కాలేదు, ప్రమాదం అంత చిన్నదే అయితే ఇంట్లోకి తుపాకి ఎందుకు? ఆయన్ని ఎత్తిపొడవడానికి అనట్లేదు. ఆ రాత్రి పోలీసుల టేపు అవతల కార్లో కూర్చుని ఉన్న మనిషి ఆయన. అక్కడ ఏమనుకున్నారో, ఎవరికి మొక్కుకున్నారో మూడేళ్లలో ఒక్కసారైనా మీతో చెప్పారా? మీ ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా లేదు. మీరు ఏడుస్తున్నారు, ఆయన లెక్కలు చెప్తున్నారు, తుపాకి ధరలు చూస్తున్నారు, ఇద్దరిదీ ఒకటే జబ్బని నా అనుమానం. బాబు సీటు గురించి వాదించుకునే ముందు ఆ రాత్రి గురించి అడగండి. పిల్లలు లేనప్పుడు, కార్లో అయితే ఇంకా మంచిది, మగాళ్లు రోడ్డు చూస్తూ కొంచెం మాట్లాడతారు.

తుపాకి విషయంలో మాత్రం నా అభిప్రాయం దాచుకోను. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు చట్టప్రకారం కొనుక్కోవచ్చు, అందులో తప్పేమీ లేదు, మీ రాష్ట్రంలో ముందు లైసెన్స్ తీసుకోవాలి. కొంటే ఏమవుతుందో కూడా చూడాలి కదా. 2022లో ఈ దేశంలో తుపాకుల వల్ల 48 వేల మందికి పైగా చనిపోతే అందులో 27 వేల మంది తమని తాము కాల్చుకున్నవాళ్లు. టీవీలో కనిపించే కాల్పులకంటే ఎవరికీ కనిపించకుండా ఇళ్లల్లో జరిగేవే ఎక్కువ. మీ ఇంట్లో టపాకాయ శబ్దానికి వణికే పాప వారం వారం వచ్చి పోతుంటుంది, నిద్రపోని మీరున్నారు, అన్నం మానేసిన పదిహేడేళ్ల పిల్లాడున్నాడు. క్యాంపస్‌లో జరిగేదాన్ని ఇంట్లో అల్మరాలో ఉన్న తుపాకి ఎలా ఆపుతుంది? ఆపలేదు. ఇంకో సంగతి, ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్ మీకు దూరమేం కాదు, 2021 నవంబర్ 30న అక్కడ నలుగురు పిల్లలు పోయారు, కాల్చిన పదిహేనేళ్ల పిల్లాడికి ఆ తుపాకి ఇంట్లోవాళ్లు కొనిచ్చిందే, 2024లో ఆ తల్లినీ తండ్రినీ జ్యూరీలు దోషులన్నాయి, పదేళ్లకి తక్కువ కాని శిక్ష పడింది. ఆ కాల్పుల తర్వాతే మీ రాష్ట్రంలో మైనర్ పిల్లలుండే ఇంట్లో తుపాకి తాళం వేసి పెట్టాలని చట్టం వచ్చింది, పెట్టక అది పిల్లల చేతిలో పడి ఏదైనా జరిగితే నేరం. అయినా కొంటానంటే తాళం పెట్టె, తూటాలు వేరే చోట, తాళం చెవి ఎక్కడుందో పిల్లలకి తెలీకూడదు. అప్పుడు రాత్రి దొంగొచ్చినా అది చేతికి అందదు, మరి కొన్న లాభమేంటో ఆయన్నే ఆలోచించుకోమనండి.

సరే, బాబు. "ఆపడం తప్పా" అన్నారు. తప్పో ఒప్పో నేను తీర్పు చెప్పలేను కానీ, ఆపితే ఏమవుతుంది, ఆపకపోతే ఏమవుతుంది అన్నది కలిసి చూద్దాం.

ఇంటి దగ్గర యూనివర్సిటీలో వేశారనుకోండి. డబ్బు మిగులుతుంది, హాస్టల్ ఖర్చు లేదు, రాత్రి ఏడింటికి ఇంట్లో కనిపిస్తాడు, మీకు నిద్ర పడుతుంది, నిద్ర పట్టడం చిన్న విషయం కాదు. కానీ అక్కడ కూడా క్లాస్‌రూములే, అదే రాష్ట్రం, అవే చట్టాలు. ఇందాక చెప్పిన ఆక్స్‌ఫర్డ్ స్కూల్ నుంచి బతికి బయటపడి, పై చదువుకి ఈస్ట్ లాన్సింగ్ వెళ్లి అక్కడ ఫిబ్రవరి 13ని కూడా చూసిన పిల్లలున్నారు. తల్లిదండ్రుల ఇంటి పక్క స్కూల్లో ఒకసారి, దూరంగా ఉన్న యూనివర్సిటీలో ఇంకోసారి. దూరం తగ్గిస్తే మీ భయం తగ్గుతుందేమో గానీ ప్రమాదం అంతగా తగ్గదు. పైగా వాడు ఒప్పుకుని ఉండటం వేరు, మీ ఏడుపు చూడలేక ఉండిపోవడం వేరు. రెండోది అయితే ఆ నాలుగేళ్లూ మీ ఇంట్లో భోజనాలు ఎలా ఉంటాయో మీకిప్పుడే శాంపిల్ చూపిస్తున్నాడు. అక్కకి జరిగినదానికి తనకి శిక్ష పడిందని వాడు, తన వల్లే తమ్ముడు వెళ్లలేకపోయాడని పాప, ఇద్దరూ మనసులో పెట్టుకుంటారు. వాడే మనస్ఫూర్తిగా అదే బాగుందంటే మాత్రం హాయిగా చేర్పించండి.

టెక్సాస్ సంగతి, మీ తమ్ముడు ఉన్నాడు, ఆదివారం పప్పన్నం దొరుకుతుంది, అంతవరకూ బాగానే ఉంది. మీ బాధ తుపాకి గురించి కాబట్టి ఒకటి తెలిసి వెళ్లాలి, అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో 2016 ఆగస్టు 1 నుంచి లైసెన్స్ ఉన్నవాళ్లు తుపాకి దుస్తుల్లో దాచుకుని క్యాంపస్ బిల్డింగుల్లోకి రావచ్చు. 1966లో సరిగ్గా అదే తేదీన ఆస్టిన్‌లో యూనివర్సిటీ టవర్ పైనుంచి ఒకడు కాల్పులు జరిపాడు, యాభై ఏళ్లు నిండిన రోజునే ఈ చట్టం అమల్లోకి వచ్చింది. ప్రైవేట్ యూనివర్సిటీలు వద్దనుకోవచ్చు, చాలావరకు వద్దనే అనుకున్నాయి. చట్టం ఇలా ఉందని అక్కడ రోజూ కాల్పులు జరుగుతాయని కాదు, కానీ పక్క సీట్లో ఎవడి బ్యాగులో ఏముందో అనుకుంటూ మీరు ఇక్కడ నిద్రపోగలరా అన్నది మీరే చెప్పాలి. నన్నడిగితే మీ పరిస్థితికి ఈ మూడింట్లో అది చివరిది.

ఇక అక్క చదివిన చోటే. వాడికది అక్క కాలేజీ, మీకది ఆ రాత్రి. ఇక్కడ పాపని అడిగారా? ఉత్తరంలో పాప ఏమంటుందో రాయలేదు. తమ్ముడు అక్కడ తిరుగుతుంటే తనకెలా ఉంటుందో, లేదా తనే ముందుండి పంపిస్తుందేమో, ఆ క్యాంపస్ గురించి మీ ఇంట్లో అందరికంటే తెలిసింది తనకే కదా. వాణ్ణి అక్కడికి పంపితే ప్రతి ఫిబ్రవరీ మీకు కష్టంగా ఉంటుంది, అది ముందే ఒప్పుకోండి, ఆ వారం వాడు ఇంటికి రావాలా మీరే అక్కడికి వెళ్లాలా అన్నది ఇప్పుడే మాట్లాడుకోవచ్చు.

ఏ క్యాంపస్ అయినా అడగాల్సినవి అడగండి, సిగ్గుపడకండి. క్లాస్‌రూమ్ తలుపులకి లోపల్నుంచి తాళం పడుతుందా, రాత్రిళ్లు బిల్డింగులు కార్డుతోనే తెరుచుకుంటాయా, అలర్ట్ మెసేజ్‌లకి తల్లిదండ్రులు కూడా నంబర్ ఇవ్వచ్చా. వర్జీనియా టెక్‌లో 2007 ఏప్రిల్ 16న పొద్దున ఏడుంబావుకి డార్మ్‌లో మొదటి కాల్పులు జరిగితే పిల్లలకి ఈమెయిల్ వెళ్లింది 9:26కి, కాసేపటికే ఇంకో బిల్డింగులో రెండోసారి మొదలైంది, ఆ రోజు మొత్తం 32 మందిని చంపేశాడు. ఆ తర్వాతే ప్రమాదం ఉందని తేలగానే ఆలస్యం చెయ్యకుండా చెప్పాలని ఫెడరల్ చట్టంలో గట్టిగా రాశారు. క్లీరీ చట్టం అంటారు దాన్ని, దాని ప్రకారం ప్రతి యూనివర్సిటీ క్యాంపస్ నేరాల రిపోర్ట్ ఏటా బయటపెట్టాలి, వెబ్‌సైట్‌లో ఉంటుంది, మూడు క్యాంపస్‌లవీ పక్కపక్కన పెట్టుకుని చదవండి, మీ ఆయనకి లెక్కలిష్టం కాబట్టి ఆ పని ఆయనకివ్వండి.

ఇంకొకటి మనవాళ్లు చాలామంది చెయ్యరు. పిల్లాడికి పద్దెనిమిది రాగానే ఆస్పత్రికి, యూనివర్సిటీకి వాడు పెద్దవాడు, మీరు ఫోన్ చేస్తే వాడి అనుమతి ఉందా అంటారు. వాడి వైద్యం వివరాలు మీకు చెప్పొచ్చని అనుమతిచ్చే హిపా ఫారం, వాడు చెప్పలేని స్థితిలో ఉంటే వైద్యం గురించి మీరు నిర్ణయించే మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ, మీ రాష్ట్రంలో దాన్ని పేషెంట్ అడ్వకేట్ డిజిగ్నేషన్ అంటారు, పుట్టినరోజు వారంలోనే సంతకాలు పెట్టించి మీ ఫోన్‌లో కాపీలు పెట్టుకోండి. కాల్పులకే కాదు, బైక్ మీంచి పడ్డా అపెండిక్స్ వచ్చినా అక్కరకొస్తాయి. ఆ రాత్రి మీరు నేర్చుకున్న ఇంకోటి కూడా ఇంట్లో నియమంగా పెట్టుకోవచ్చు, అలర్ట్ వస్తే ఎవరూ ఫోన్ చెయ్యకూడదు, వాడు ఒక్క అక్షరం మెసేజ్ పెట్టాలి, మిగతావాళ్లకి మీ తమ్ముడు చెప్తాడు, స్కానర్ ఎవరూ పెట్టకూడదు. లొకేషన్ యాప్ ఉంచుకోండి, వాడు ఒప్పుకుంటేనే, రాత్రిళ్లు చూడనని మాటిస్తేనే. పాప ఎందుకు ఆఫ్ చేసేసిందో మీకు తెలుసు.

పార్ట్ టైమ్ ఉద్యోగం అని అంటే మాత్రం గ్యాస్ స్టేషన్లో నైట్ షిఫ్ట్ వద్దని గట్టిగా చెప్పండి. మన తెలుగు పిల్లలు ఈ దేశంలో తూటాలకి పోయిన వార్తలు గుర్తు చేసుకోండి, 2018లో కాన్సస్ సిటీ రెస్టారెంట్‌లో, 2025లో డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్లో, ఇద్దరూ చదువుకోవడానికి వచ్చి పార్ట్ టైమ్‌లో నిలబడ్డవాళ్లే. క్యాంపస్ లోపల జరిగింది లేదని కాదు, 2007 డిసెంబర్‌లో లూసియానా స్టేట్ యూనివర్సిటీ అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు పీహెచ్‌డీ పిల్లల్ని కాల్చేశారు, ఇద్దరూ మనవాళ్లే. ఈ విషయంలో మీ భయానికి కాస్త ఆధారం ఉంది, మీ మాట వాడూ వింటాడు, ఎందుకంటే సీటు కాదు కదా మీరు ఆపేది.

ఇండియాకి వచ్చెయ్యమని మీవాళ్లు అంటున్నారని రాశారు. మీ పిల్లలు అక్కడే పుట్టారు, వాళ్లు రారు, వాళ్లని వదిలి మీరు తెనాలిలో కూర్చుంటే అర్ధరాత్రి ఫోన్ చూసుకోవడం ఇంకా ఎక్కువవుతుంది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

చివరగా పాప సంగతి, నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యం అనిపించింది ఇదే. "మర్చిపోవాల్సింది పోయి ఇంకా పట్టుకుని వేలాడుతోంది" అని రాశారు. తను పట్టుకున్నది ఏంటో చూడండి. 2014 మేలో కాలిఫోర్నియాలో శాంటా బార్బరా యూనివర్సిటీ పక్కన ఇస్లా విస్టాలో ఆరుగురు పిల్లల్ని చంపేశాడొకడు. అంతకు మూడు వారాల ముందే వాడి ఇంట్లోవాళ్లకి అనుమానమొచ్చి కబురు చేస్తే పోలీసులు వెళ్లి, తలుపు దగ్గర మాట్లాడి, బాగానే ఉన్నాడని వచ్చేశారు, గదిలోకి వెళ్లి చూసే అధికారం వాళ్లకి కనపడలేదు. పోయిన పిల్లల్లో ఒకడి తండ్రి రిచర్డ్ మార్టినెజ్, మర్నాడే మైకుల ముందు నిలబడి ఇంకొక్కరు కూడా పోకూడదు అని అరిచాడు, నాయకులు సానుభూతి చెప్తుంటే నాకది అక్కర్లేదు వెళ్లి పనిచెయ్యండి అన్నాడు. నాలుగు నెలల్లో ఆ రాష్ట్రంలో చట్టం వచ్చింది, ఇంట్లోవాళ్లే కోర్టుకెళ్లి, మావాడి దగ్గర తుపాకి ఉంది, వాడి మనసు బాలేదు, కొన్నాళ్లు తీసుకోండి అని అడగొచ్చు. మీ పాప క్యాంపస్‌లో కాల్చినవాడి సంగతి కూడా పేపర్లలో వచ్చింది కదా, తల్లి పోయాక మనిషి మారిపోయాడని, తుపాకి వదిలించుకోమని తండ్రి అడిగితే వదిలించుకున్నానని అబద్ధం చెప్పాడని ఆ తండ్రే చెప్పాడు. అప్పుడా తండ్రికి వెళ్లే చోటు లేదు. ఇప్పుడుంది. అదే చట్టం మీ రాష్ట్రంలో 2023 మేలో సంతకం అయింది, 2024 ఫిబ్రవరి 13న అమల్లోకి వచ్చింది, సరిగ్గా ఏడాదికి. మీ పాప లాంటి పిల్లలు, మీలాంటి తల్లిదండ్రులు ఆ గదుల్లో కూర్చుని మాట్లాడితేనే వచ్చింది.

చట్టాలొచ్చినా మళ్లీ ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో కాల్పులు జరిగాయి, బ్రౌన్‌లో జరిగాయి, ఏం లాభం అని మీకు కోపం రావచ్చు. నాకూ వస్తుంది. మీ పాప మాట్లాడితే రేపు ఏదో మారిపోతుందని నేను చెప్పను. మాట్లాడితే ఆ రాత్రి మళ్లీ కళ్ల ముందుకొచ్చి నాలుగు రోజులు నిద్ర పట్టకపోవచ్చు, ఇంటర్నెట్‌లో బూతులు తిట్టేవాళ్లుంటారు, మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఉంటారు. కాబట్టి ఒంటరిగా వెళ్లనివ్వకండి, రాసుకుని చదవమనండి, చదివాక ఆ రోజు ఆఫీసు పెట్టుకోవద్దనండి. మాట్లాడనివ్వకపోతే మాత్రం ఆ డెస్క్ ఇంకా ఆ తలుపుకి అడ్డంగానే ఉన్నట్టు, ఈసారి పెట్టింది మీరిద్దరూ.

సిటిజన్‌షిప్ భయం గురించి. పాప అక్కడే పుట్టింది, తనకి ఏ అప్లికేషనూ లేదు, తను మాట్లాడితే మీ ఫైలుకి సంబంధం లేదు. మీరిద్దరూ కూడా హియరింగ్‌కి వెళ్లి కూర్చోవచ్చు, మీ ఏరియా ప్రతినిధికి ఉత్తరం రాయచ్చు, గ్రీన్ కార్డ్ వాళ్లకి ఆ హక్కు ఉంది. దూరంగా ఉండాల్సినవి రెండున్నాయి, సిటిజన్‌షిప్ ప్రమాణం చెయ్యకముందే ఎవరైనా టేబుల్ పెట్టి ఓటర్ రిజిస్ట్రేషన్ ఫారం ఇస్తే సంతకం పెట్టకండి, అది నిజంగా ఫైలుని ముంచేస్తుంది, అలాగే రోడ్డు దిగ్బంధం లాంటివి, అరెస్టులు అయ్యేవి వద్దు. ఈమధ్య వాతావరణం చూసి మీ ఆయన జంకుతున్నారంటే ఆయన్ని పిరికివాడనలేను, అప్లికేషన్ వేసిన లాయర్‌కే ఒక ఈమెయిల్ పెట్టి అడగమనండి, జవాబు వచ్చాక ఇంట్లో మాట్లాడండి.

హియరింగ్ తేదీ మే 1కి ముందే ఉంటే బాబుని కూడా తీసుకెళ్లండి. అక్క ఏం చెప్తుందో వాడూ పూర్తిగా విన్నట్టు లేడు. తిరిగి వచ్చేటప్పుడు వాడికి ఎక్కడ చదవాలని ఉందో వాణ్ణే చెప్పనివ్వండి, అప్పటికీ తేలకపోతే అడ్మిషన్ ఆఫీసుకి ఫోన్ చేసి డిపాజిట్‌కి ఇంకో వారం రోజులు గడువు అడగొచ్చు, కొన్ని చోట్ల ఇస్తారు.